బొమ్మకు కూలి

మన పట్టణాలలో చిత్రకళకు ఆదరణ లేదన్న మాట తరచు వింటూ ఉంటాం. అన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. సభల్లో అన్నాను, తరగతి గదిలో అన్నాను. అయితే ఆదరణ అనే ఆ పదానికి అర్థమేమిటని నన్ను నేను ఎన్నడూ ప్రశ్నించుకోలేదు. కిందటి సంవత్సరం మా కాలేజీలో జరిగిన ఒక చిన్న సంఘటన ఆ ప్రశ్న వేసుకోక తప్పని పరిస్థితి తెచ్చిపెట్టింది. ప్రశ్న చిత్రకళను గురించినదే అయినా దాని వేళ్ళు నీతిశాస్త్రంలో ఉన్నాయి. మరికాస్త తవ్వితే అర్థశాస్త్రంలో కనబడతాయి. అంచేత, రంగుల సంగతి బొత్తిగా తెలియని ఒక తెలుగు మాష్టరు దీన్ని గురించి రాయడం అనధికార ప్రసంగమని పాఠకులు భావించరని నమ్ముతాను.

మాది రాజమహేంద్రవరం. 2011 జనాభా లెక్కల్లో మూడు లక్షల నలభై వేల పైచిలుకు జనం ఉన్న ఊరు. వార్షికోత్సవాల సందర్భంగా మా కాలేజీలో ప్రజాకళను గురించి ఒక సదస్సు పెట్టాం. కార్యదర్శిని నేనే. సదస్సుకు శోభగా ఉంటుందని, ముఖద్వారం పక్కనున్న పొడుగాటి ప్రహరీ గోడ మీద బొమ్మలు వేయించాలనుకున్నాం. ఒకప్పుడు సినిమా హాళ్ళకు బ్యానర్లు రాసిన పెద్దాయన ఒకరున్నారని విద్యార్థులు చెబితే వెళ్ళి అడిగాను. ఆయనకు అరవై దాటాయి. "పిల్లలు చదువుకునే చోటండి, తప్పకుండా వేస్తానండి" అన్నారు. డబ్బు మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే మర్యాద అనుకున్నాను.

ఐదు రోజులు ఆయన నిచ్చెన మీద ఉన్నారు. ముందు గోడంతా గళ్ళు గీసుకున్నారు, పూర్వం బ్యానరుకు గీసినట్టే. గోదావరి వేశారు, పడవలు వేశారు, నాట్లు వేసే స్త్రీలను వేశారు. 1900లో రైళ్ళు మొదలై 1997లో ఆగిపోయిన మా పాత హేవలాక్ వంతెనను వేశారు. వంతెన స్తంభాల దగ్గర నెత్తిన రాళ్ళ తట్టలు పెట్టుకున్న మనుషులను కూడా వేశారు. ఇది మేము చెప్పింది కాదు. ఎందుకు వేశారని అడిగితే, "వంతెన దానంతటది లేవదు కదండీ" అన్నారు. నేను పుస్తకాలు ముందేసుకుని సదస్సుకు రాసుకుంటున్న ఉపన్యాసంలోని సారాంశం ఆ ఒక్క ముక్కలో ఉంది. బి.ఎ. చదివే ఒక అమ్మాయి ఆ ఐదు రోజులూ ఆయన పక్కన నిలబడి డబ్బాల్లో రంగులు కలిపింది. డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ ప్యాసైన పిల్ల.

సదస్సు నాడు ఆయనను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాం, జ్ఞాపిక ఇచ్చాం. ప్రజాకళను గురించి నేను అరగంటసేపు మాట్లాడాను. చప్పట్లు కూడా బాగానే పడ్డాయి. అంతా అయిపోయాక స్కూటర్ల దగ్గర ఆయన నా కోసం నిలబడి ఉన్నారు. శాలువా మడత పెట్టి చంకలో ఉంది.

"మాష్టారండీ, సన్మానం బాగా చేశారండి. రంగులు నా చేతి డబ్బు పెట్టి తెచ్చానండి. కొట్టాయన రెండుసార్లు కబురెట్టాడండి. కూలి సంగతి తమరి ఇష్టమండి, రంగుల డబ్బులైనా ఇప్పిస్తే..."

ఆ క్షణంలో నాకు కలిగిన భావం చిరాకు. దీన్ని దాచడం వల్ల ప్రయోజనం లేదు. అంత గొప్పగా జరిగిన సభ చివర డబ్బు మాట వచ్చిందేమిటని చిరాకు. కాలేజీలో నిధులు లేవని చెప్పాను. ఇంతమంది విద్యార్థులకు మీ కళ తెలిసే అవకాశం కలిగింది కదా అన్నాను. గోడ మీద మీ పేరు ఉంటుంది కదా అని కూడా అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "పేరు నేనే రాసుకున్నానండి" అని వెళ్ళిపోయారు.

మర్నాడు సదస్సు జమాఖర్చుల పుస్తకం తీశాను. షామియానాకు, కుర్చీలకు పద్దు ఉంది. మైకుకు ఉంది. ఫ్లెక్సీలకు, పూలదండలకు, అతిథి గారి కారు బాడుగకు, మధ్యాహ్న భోజనాలకు ఉంది. శాలువాకు, జ్ఞాపికకు కూడా ఉంది. బొమ్మలు వేసిన చేతికి మాత్రం పద్దు లేదు. నిధులు లేవని నేను చెప్పిన మాట అబద్ధమని నా చేతి రాతే సాక్ష్యం చెబుతోంది. మైకు పెట్టే అతణ్ణి, ఇది సంస్కృతీ సేవ, ఉచితంగా పెట్టమని మేమెవరమూ అడగలేదు. అడిగితే అతను నవ్వి ఉండేవాడు. మరి బొమ్మ వేసే ఆయన దగ్గరికి వచ్చేసరికి మాకు సేవ, అవకాశం, ఆదరణ అనే మాటలు ఎక్కడి నుంచి వచ్చాయి? దుర్బుద్ధితో చేసిన పని అయితే పరిశీలించవలసినదేమీ లేదు. సద్బుద్ధితో, అందులోనూ శ్రమను గౌరవించాలని ఉపన్యసించే రోజున చేసిన పని గనకనే పరిశీలించవలసి ఉంది.

మా ఊరికి చిత్రకళ కొత్త కాదు. ఆంధ్ర చిత్రకళకు ఆధునిక యుగం ఇక్కడే మొదలైందని చెప్పుకుంటాం. అందులో అతిశయోక్తి పెద్దగా లేదు. 1909 నుంచి 1919 వరకు ఇక్కడి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన స్వయంగా చిత్రకారుడు. అడివి బాపిరాజు, దామెర్ల రామారావు ఆయన చేరదీసిన కుర్రవాళ్ళు. 1897లో పుట్టిన రామారావు ఆయన ప్రోత్సాహం వల్లనే 1916లో బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్ళగలిగాడు. చదువు ముగించి ఊరికి తిరిగి వచ్చి 1923లో ఇక్కడ చిత్రకళాశాల పెట్టాడు. రెండేళ్ళయినా గడవకముందే, 1925 ఫిబ్రవరిలో, మశూచి వచ్చి చనిపోయాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, ఇద్దరూ చిత్రకారిణులే. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ పాఠశాల బాధ్యతను భుజాన వేసుకున్నాడు. రామారావు చిత్రాలు ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఇవాళ్టికీ ఉన్నాయి. ఈ పరిమాణం గల ఊరికి అటువంటి సంపద ఉండడం మామూలు విషయం కాదు.

ఈ కథను మనం చెప్పుకునే తీరులో మాత్రం ఒక లోపం ఉంది. ఒక ప్రతిభాశాలి పుట్టాడు, ఒక సహృదయుడు గుర్తించాడు, ఒక మహత్తర కళ వెలిసింది అని చెప్పుకుంటాం. వ్యక్తుల గొప్పతనాన్ని నేను కాదనను. కాని ఆ కూల్డ్రే మరో జిల్లాకు వెళ్ళి ఉంటే? ఆయనకు బొమ్మల మీద కాక గుర్రాల మీద ఆసక్తి ఉండి ఉంటే? ఆ కాలేజీ మెట్లు ఎక్కలేని కులంలో, ఎక్కలేని ఇంట్లో, అదే 1897లో మరో రామారావు పుట్టి ఉంటే? ఆ రెండో రామారావు పేరు మనకు తెలియదు. పుట్టలేదు గనక తెలియదనుకుని తృప్తిపడుతున్నాం.

మార్క్స్, ఏంగెల్స్ 'జర్మన్ భావజాలం'లో రఫేల్‌ను ఉదాహరణగా తీసుకుని ఈ విషయాన్నే చర్చించారు. రఫేల్ వంటివాడు తన ప్రతిభను వికసింపజేసుకోగలగడం గిరాకీ మీద ఆధారపడి ఉంటుంది. ఆ గిరాకీ శ్రమ విభజన మీద, దానివల్ల ఏర్పడే మానవ సంస్కృతి మీద ఆధారపడి ఉంటుందని వారి వాదన. అతనికి ముందు కళలో జరిగిన సాంకేతికాభివృద్ధి, అతని ప్రాంతంలోని సమాజ నిర్మాణం, ఆ ప్రాంతానికి బయటి దేశాలతో ఉన్న సంబంధాలు, ఇవన్నీ కలిస్తేనే ఒక రఫేల్ సాధ్యమవుతాడు. చిత్రకళా ప్రతిభ కొద్దిమందిలోనే కేంద్రీకరించబడి విస్తార జనంలో అణగారిపోవడానికి కారణం శ్రమ విభజనేనని కూడా వారు చెప్పారు. ప్రతిభ దైవదత్తమని నమ్మేవాడికి పట్టణంలో చిత్రకళ స్థితి ఒక వాతావరణ విశేషం వంటిది. వస్తే వస్తుంది, లేకపోతే లేదు. పై వాదన ఒప్పుకున్నవాడికి అది మన బాధ్యత అవుతుంది.

ఇంతకూ కళాకారుడూ, పనివాడూ అనే తేడా మన దేశంలో ఎప్పటిది? ఆలయ స్తంభాలు చెక్కినవాడు, కాళహస్తిలో కలంకారీ గుడ్డ మీద బొమ్మ గీసినవాడు, చేర్యాలలో కులపురాణాలను నకాషీ పటాలుగా వేసినవాడు పనివాళ్ళే. వారికి గౌరవం ఎంత దక్కిందన్నది వేరే సంగతి; కుల వ్యవస్థ వారి చేతిని వాడుకుని మనిషిని ఎక్కడ నిలబెట్టిందో మనకు తెలుసు. కాని వాళ్ళ పనికి మారుగా ధాన్యమో, మాన్యమో, రొక్కమో ఏదో ఒకటి ఇవ్వాలన్న విషయంలో సందేహం ఉండేది కాదు. తర్వాత ఇంగ్లీషు ప్రభుత్వపు కాలంలో కళాశాలలు వచ్చాయి. మద్రాసులో 1850లో, బొంబాయిలో 1857లో. మద్రాసు పాఠశాల చాలాకాలం పారిశ్రామిక కళల పాఠశాల అనే పేరుతోనే నడిచింది. క్రమంగా లలితకళ ఒక గదిలోకి, చేతిపని మరో గదిలోకి విడిపోయాయి. లలితకళ అమూల్యమైంది. చేతిపని చవకైంది. అమూల్యమన్న మాటకు వెల కట్టలేనిదనే అర్థం మాత్రమే చెప్పుకుంటాం. వెల ఇవ్వనక్కరలేనిదనే అర్థం కూడా ఆచరణలో దానికి తగులుకుంది.

ఈ రెండు గదుల మధ్య నిలబడ్డవారే మన పట్టణాల చిత్రకారులు. వడ్డాది పాపయ్య ఉద్యోగరీత్యా డ్రాయింగు మాష్టారు. ఆయన బొమ్మలు 'చందమామ', 'యువ' ముఖచిత్రాలుగా ఇంటింటికీ వెళ్ళాయి. మా. గోఖలే కథకుడు, చిత్రకారుడు; 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) చిత్రాలకు కళాదర్శకుడు. గ్యాలరీ గుమ్మం తొక్కని లక్షలాది తెలుగువాళ్ళకు చిత్రకళ ఈ దారుల్లోనే చేరింది. పత్రిక ముఖచిత్రం, సినిమా సెట్టింగు, హాలు ముందు బ్యానరు, కొట్టు మీద బోర్డు, పడవ మీద పేరు: వీటిని కళగా లెక్కించడానికి మన విమర్శకులు మొహమాటపడ్డారు గాని, వీటిని వేసినవాళ్ళకు ఎంతో కొంత ముట్టింది. ఆ దారులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. 'చందమామ' ఆగిపోయింది. 2000 తర్వాత ఫ్లెక్సీ యంత్రం వచ్చింది. వారం రోజుల బ్యానరు పని గంటలో ముద్రణ అయి బయటపడసాగింది. ఇప్పుడు కంప్యూటరు నాలుగు మాటలు చెబితే బొమ్మ తానే వేస్తానంటోంది. యంత్రాన్ని తిట్టి లాభం లేదు. యంత్రం మిగిల్చిన తీరిక ఎవరి ఖాతాలో జమ అయింది, ఆకలి ఎవరి ఖాతాలో పడింది అన్నదే చూడవలసిన విషయం. మా పెద్దాయనకు ఆ యంత్రం తీరికను బ్రహ్మాండంగా ఇచ్చింది.

ఇక మిగిలినవి అవకాశాలు. ఈ మాటను కాస్త విప్పి చూడాలి. మా ఊరు వంటి ఊళ్ళో ఒక చిత్రకారుడికి ఉన్న అవకాశాలేమిటి? పండుగకో, జాతీయ దినోత్సవానికో పిల్లల చిత్రలేఖనం పోటీలు. వాటికి న్యాయనిర్ణేతగా పిలుపు, ఒక పూలగుత్తి. పరిశుభ్రతలో నగరాలకు ర్యాంకులు ఇచ్చే పద్ధతి 2016లో మొదలయ్యాక గోడల మీద బొమ్మలు. ఆ పని కాంట్రాక్టరు చేతుల మీదుగా దిగివచ్చేసరికి చదరపు అడుగుకు కుంచె పట్టినవాడికి మిగిలేది రంగు ఖరీదుకు కాస్త ఎక్కువ అని పెద్దాయన చెప్పిన లెక్క. పెళ్ళిళ్ళకు వేదికలు. గుడి గోపురాలకు రంగులు. ఎవరైనా ప్రదర్శన ఏర్పాటు చేస్తే చిత్రాలకు పటాలు కట్టించేది చిత్రకారుడు, బండిలో తెచ్చుకునేది చిత్రకారుడు, తిరిగి తీసుకుపోయేదీ చిత్రకారుడే. ప్రారంభించిన పెద్దమనిషి ఫొటో పత్రికలో వస్తుంది. వీటన్నిటిలో సాధారణ లక్షణం ఒకటుంది. ఇచ్చేవాడు ఇష్టముంటే ఇస్తాడు, పుచ్చుకునేవాడు కృతజ్ఞత చూపాలి. జమీందారీ పోయింది, దర్బారులో కవి చేసిన వందనం మాత్రం చిత్రకారుడికి మిగిలింది. ఒకప్పుడు దీన్ని దయ అనేవారు. ఇప్పుడు అవకాశం అంటున్నాం.

ఇక్కడ మూడు ఆక్షేపణలు రావచ్చు.

మొదటిది సౌందర్యవాదుల ఆక్షేపణ. కూలికి వేసిన బొమ్మ కళ కాజాలదు; అంతఃప్రేరణ లేనిచోట కళ లేదు అంటారు. అంతఃప్రేరణను నేను తీసిపారెయ్యను. రాళ్ళ తట్టల మనుషులను ఎవరూ అడక్కుండానే మా పెద్దాయన వేశారు. మార్క్స్ కూడా 'అదనపు విలువ సిద్ధాంతాలు'లో మిల్టన్ తన కావ్యాన్ని పట్టుపురుగు పట్టు తీసినట్టే, తన స్వభావం కొద్దీ సృష్టించాడనీ, తర్వాత దాన్ని ఐదు పౌన్లకు అమ్మాడనీ రాశాడు. పట్టు తీయడం పురుగు స్వభావం కావచ్చు. పట్టు చీర కట్టుకున్నవాళ్ళు పురుగు స్వభావాన్ని చూపించి నేతగాడికి కూలి ఎగవేయవచ్చునా? ప్రేరణ బొమ్మ ఎలా పుట్టిందో చెబుతుంది. ఐదు రోజులు నిచ్చెన మీద నిలబడ్డ కాళ్ళకు ఎవరు బాకీ ఉన్నారో అది చెప్పదు.

రెండవది మనవాళ్ళ నుంచే వస్తుంది గనక మరింత గట్టిది. ప్రజల కోసం వేసే బొమ్మకు వెల అడగడం ఏమిటి, ఉద్యమంలో త్యాగం లేకుండా ఎలా అంటారు. చిత్తప్రసాద్‌ను చూపిస్తారు. 1943 బెంగాలు కరువులో ఆయన మిడ్నపూర్ జిల్లా కాలినడకన తిరిగి ఆకలి మనుషులను నల్ల సిరాతో వేశాడు. ఆ బొమ్మల పుస్తకం ప్రతులను ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. 1978లో చనిపోయేదాకా ఆయన సంపాదించిందేమీ లేదు. నిజమే. కాని చిత్తప్రసాద్ ఇచ్చాడు. ఆయన దగ్గర ఎవరూ గుంజుకోలేదు. త్యాగం చేసే హక్కు త్యాగం చేసేవాడిదే. నెల తిరిగేసరికి జీతం అందుకునే నేను, ఆ పెద్దాయన తరపున ఆయన కూలిని ప్రజలకు త్యాగం చేయలేను. చేస్తే దానికి వేరే పేరు ఉంది. ఫ్యాక్టరీ యజమాని అదే పని చేస్తే ఆ పేరు పెట్టడానికి మనం సందేహించం. నా శ్రమను నేను ఇష్టంగా ఇవ్వడానికీ, నీ శ్రమను నేను ఇష్టంగా తీసుకోవడానికీ మధ్య ఉన్న తేడాను ఏ సిద్ధాంతం చెరిపినా అది మన సిద్ధాంతం కాదు.

మూడవది నిర్వాహకుల ఆక్షేపణ: డబ్బు లేదు. దీనికి సమాధానం నా జమాఖర్చుల పుస్తకంలో ఉంది. నిజంగానే లేని చోటు కూడా ఉంటుంది. అటువంటప్పుడు పని మొదలుకాకముందే ఆ మాట చెప్పాలి. ముందు చెప్పినప్పుడు ఎదుటివాడు ఒప్పుకోవచ్చు, మానవచ్చు. ఆ రెండోది చెయ్యగలిగినప్పుడే మొదటిది ఇష్టం అనిపించుకుంటుంది. పని పూర్తయ్యాక చెబితే ఎదుటివాడికి మిగిలేది అడిగి లేకి అనిపించుకోవడమో, అడక్కుండా అప్పు మొయ్యడమో. మర్యాద అనుకుని నేను దాటవేసిన మాట పెద్దాయనను సరిగ్గా ఈ ఇరుకులోకి నెట్టింది. మధ్యతరగతి మర్యాద ఎప్పుడూ ఎవరికి లాభసాటిగా ఉంటుందో గమనించవలసి ఉంది.

ఈ సందర్భంలో చట్టం మన సాహిత్యవేత్తల కంటే విశాల హృదయంతో ఉండడం ఆశ్చర్యం కలిగించింది. 1957 కాపీరైటు చట్టం కళాకృతిని నిర్వచిస్తూ చిత్రాన్ని, శిల్పాన్ని, రేఖాచిత్రాన్ని పేర్కొని, వాటిలో కళాత్మక గుణం ఉన్నా లేకపోయినా సరే అన్నది. గ్యాలరీలోని తైలవర్ణ చిత్రానికీ కాలేజీ ప్రహరీ మీది బొమ్మకూ ఆ చట్టం దృష్టిలో తేడా లేదు. రెంటినీ వేసినవాడు కర్తే. అంతేకాదు. ఢిల్లీ విజ్ఞాన భవన్ గోడకు అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకు వెళ్ళాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు, ప్రభుత్వం డబ్బిచ్చి కొనుక్కున్నంత మాత్రాన కర్త నైతిక హక్కు పోదని, శిల్పాన్ని ఆయనకు తిరిగి ఇవ్వమని, ఐదు లక్షల రూపాయల నష్టపరిహారం చెల్లించమని తీర్పు చెప్పింది. డబ్బిచ్చి కొన్నవాడికే అన్ని హక్కులు లేనప్పుడు, డబ్బివ్వని మాకు ఆ గోడ మీద ఏ హక్కు ఉన్నట్టు? వచ్చే తనిఖీలోగా ఆ గోడకు ఒకే రంగు వేయిస్తే శుభ్రంగా ఉంటుందని మా కాలేజీలో ఇప్పుడొక ప్రతిపాదన ఉంది. ఆయనను అడగాలని నేనంటే కొందరు సహోద్యోగులు నవ్వారు. కూలి ఇవ్వనిచోట మనిషి కనబడడు. మనిషి కనబడనిచోట గోడ ఒక్కటే మిగులుతుంది.

మరి చెయ్యవలసిందేమిటి? సమాజం మారకుండా చిత్రకారుడి స్థితి సమూలంగా మారదన్నది నిజం. అది నిజమని చెప్పి చేతులు కట్టుకోవడం మాత్రం సోమరితనం. మా ఊరి స్థాయిలో, ఇప్పుడే, మూడు పనులు సాధ్యమని నాకు తోస్తున్నది.

మొదటిది, ఏ సభకైనా, ఏ సంస్థకైనా, మనదానితో సహా, ఖర్చుల అంచనా వేసేటప్పుడు కుంచె పట్టినవాడి పద్దు ముందు రాయాలి. శాలువా ఆపైన కప్పదలిస్తే కప్పవచ్చు.

రెండవది బడి. 2009 విద్యాహక్కు చట్టం అనుబంధంలో, ఆరు నుంచి ఎనిమిది తరగతులలో వందమంది కంటే ఎక్కువ పిల్లలున్న ప్రతి బడికీ చిత్రకళ మొదలైన కళలు బోధించడానికి పార్ట్‌టైము శిక్షకుడు ఉండాలని రాసి ఉంది. ఇది ఎవరి దయా కాదు, పార్లమెంటు చేసిన శాసనం. ఉపాధ్యాయ మిత్రులు తమ బడిలో ఆ శిక్షకుడు ఉన్నాడో లేడో చూసి, లేకపోతే అడగాలి. ఒక్క పోస్టు నింపితే రెండు పనులవుతాయి: బొమ్మ వేసేవాడికి నెలకింత అందుతుంది, కూల్డ్రే దొరని వెతుక్కుంటూ పోనక్కరలేకుండా ఆ రెండో రామారావు కూర్చున్న బెంచీ దగ్గరికే రంగుల పెట్టె వస్తుంది. పట్టణంలో బొమ్మ చూడగల కళ్ళు తయారు కావాలన్నా మొదలు అక్కడే. చూసేవాడు లేని గ్యాలరీ ఎంత గొప్పదైనా గది మాత్రమే. కిందటి నెల మా విద్యార్థులను రామారావు గ్యాలరీకి తీసుకువెళ్ళాను. నలభైమందిలో అంతకుముందు చూసినవాళ్ళు ముగ్గురు. అందరూ ఈ ఊరి పిల్లలే. పదేళ్ళుగా ఇక్కడ పాఠాలు చెబుతున్న నేను వాళ్ళను తీసుకువెళ్ళడం అదే మొదటిసారి.

మూడవది చోటు. ప్రదర్శనకు నగరాలకు పోనక్కరలేదు. కందుకూరి వీరేశలింగం 1890లో కట్టించిన టౌను హాలు ఉన్న ఊరు మాది. 1898 నాటి గౌతమీ గ్రంథాలయం ఉన్న ఊరు. సభకూ, పుస్తకానికీ చోటు కావాలని నూరేళ్ళ కిందట ఈ ఊరివాళ్ళు కట్టుకున్నారు. బ్యానరు రాసినవాడు, కాలేజీలో పట్టా పుచ్చుకున్నవాడు పక్కపక్కన తమ పని పెట్టుకోవడానికి అద్దె లేని ఒక గోడ ఇవాళ మనం అడగలేమా?

రంగులు కలిపిన ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. సదస్సుకు ముందు రోజు ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది. విశాఖ వెళ్ళి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చిత్రకళ చదవాలని ఉంది, ఇంట్లో వద్దంటున్నారు, బొమ్మలు వేసి బతకవచ్చా సార్ అని. నేను దామెర్ల రామారావు పేరు చెప్పి, నిజమైన ప్రతిభకు ఎప్పుడూ దారి దొరుకుతుందని జవాబిచ్చాను. స్కూటర్ల దగ్గర పెద్దాయన నాతో మాట్లాడుతున్నప్పుడు ఆమె కొంచెం దూరంలో డబ్బాలు కడుగుతూ ఉంది. అంతా విన్నది. ఆ తర్వాత ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు.

మేము నలుగురం ఉపాధ్యాయులం పోగుచేసి ఆయనకు రంగుల డబ్బూ, ఐదు రోజుల కూలీ తీసుకువెళ్ళి ఇచ్చాం. పుచ్చుకున్నారు. అయితే అడిగించుకుని ఇచ్చిన కూలి సగం దానంలోకి మారిపోతుందని ఆ గుమ్మంలో నిలబడ్డప్పుడు తెలిసింది. మా నలుగురి జేబుల్లోంచి పోయింది గాని కాలేజీ పద్దులోంచి పోలేదు గనక లెక్క ఇంకా సరిపడలేదు. ఈ సంవత్సరపు సదస్సుకు అంచనా కాగితం నా ముందుంది. మొదటి పద్దుగా చిత్రకారుడి కూలి రాశాను. దాన్ని కొట్టివేయకుండా కమిటీలో నిలబెట్టుకోగలిగితే, ఆ అమ్మాయిని పిలిచి ఆమె అడిగిన ప్రశ్నకు మళ్ళీ జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.